బడి దీపానికి తాళంచెవి ఎవరి చేతిలో వుంది?

మా గేరి బడికి మూడేళ్ళ కింద సోలార్ లైటొచ్చింది. వచ్చిన రోజు పండగే. పందిరి వేశారు, టెంకాయ కొట్టారు, రిబ్బన్ కత్తిరించారు. కత్తిరించినాయన పేరు, ఆయన పక్కన నిలబడి ఫోటో దిగినవాళ్ళ పేర్లు ఇక్కడ రాయబోవడం లేదు. బడి గోడమీద పెద్దక్షరాల్లో వున్నాయి, ఎవరైనా పోయి చదువుకోవచ్చు. అయితే పగలే పోవాలి. రాత్రిపూట చదవాలంటే లైటు లేదు.

మొదట్లో నాలుగు గంటలు వెలిగేది. తర్వాత రెండు గంటలయ్యింది, ఆ తర్వాత అరగంట. ఏడో నెలకు పూర్తిగా ఆరిపోయింది. ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే మా ప్రాజెక్టు అయిపోయిందన్నారు. వాళ్ళ ప్రాజెక్టు అయిపోయింది గానీ మా పిల్లోళ్ళ పదో తరగతి అయిపోలేదు.

ఆ లైటు ఎందుకు ఆరిపోయిందో మేము కనుక్కున్నాం. కదిరి నుంచి మెకానిక్కును పిలిపించి బ్యాటరీ పెట్టె తెరిపిద్దామంటే పెట్టెకు తాళం. తాళంచెవి గేరిలో లేదు, బడిలో లేదు, అయ్యవారి దగ్గర లేదు. వూళ్ళో ఒక పెద్దింట్లో వుంది. లైటు పెట్టిన రోజే ఇచ్చిపోయారంట. ఏంటికి అక్కడ ఇచ్చినారప్పా అంటే, 'గేరిలో పెడితే బ్యాటరీ అమ్ముకుంటారని' సమాధానం. చెవికోసం పోతే ఆయన పొలానికి పోయినాడు, మళ్ళీ పోతే పెళ్ళికి పోయినాడు. మూడోసారి వాకిట్లో నిలబెట్టి చెవి అరుగుమీద పడేసినారు. తెరిచి చూస్తే బ్యాటరీలో నీళ్ళు చుక్క లేవు. రెండు మూడు నెలలకొకసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఏడు నెలలు ఎవరూ పోయలేదు. ప్లేట్లు తెల్లగా పొర కట్టి చచ్చిపోయినాయి.

ఆ బ్యాటరీని ఎండ చంపలేదు. గేరివాళ్ళు దొంగలనే మాట చంపింది.

ఇప్పుడు ఇంకో దాత వచ్చాడు. ఇంకో లైటు, ఇంకో ఫోటో, 'అందినట్లు' సంతకం పెట్టమని ఇంకో రసీదు. బడి కమిటీ కూర్చుంది. ఏ లైటు, ఎన్ని వాట్లు, బ్యాటరీ ఏ రకం, చెడిపోతే ఎవరు వస్తారు అని మావాళ్ళు అడిగితే వూరి పెద్దమనిషి ఒకాయన నవ్వినాడు. 'ఇచ్చేటోడు ఇస్తాంటే తీసుకోక ఈ యక్షప్రశ్నలేందప్పా? దానపావుకు పళ్ళెంచుతారా ఎవురైనా?' అన్నాడు.

ఎంచుతాం. తప్పకుండా ఎంచుతాం. ఎందుకంటే అది దానం కాదు. మాకు రావాల్సిన దాంట్లోంచి కాసింత. అదెట్లాగో చెప్తాం.

నల్లచెరువు నుంచి నంబులపూలకుంట ఎంత దూరమో మన ప్రాంతంవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. అక్కడ, గాలివీడు మండలంలో కలిపి, 1500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. దాదాపు 8 వేల ఎకరాలు. 2016లోనే అందులో 250 మెగావాట్లు మొదలయ్యాయి. ఆ నేలలో డి-పట్టా భూములున్నాయి, కాగితం లేకుండా రెండు మూడు తరాలుగా దున్నుకుంటున్న భూములున్నాయి. కాగితం వున్నవాడికి ఎంతో కొంత, లేనివాడికి ఏమీ లేదన్న గోడు ఆ వూళ్ళలో వింటూనే వున్నాం. డి-పట్టా రైతుకు కూడా పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు చదివి వినిపించేవాడు గేరిలో వుంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. అందుకే ఈ రాత్రి చదువుల గురించి ఇంతగా కొట్లాడుతున్నాం.

ఇంకో లెక్క చూడండి. మేము బడిపంతుళ్ళం, లెక్కలు మా పని. ఒక తరగతి గదికి 20 వాట్ల ఎల్‌ఇడి ట్యూబులు నాలుగు పెట్టి రోజూ మూడు గంటలు వెలిగిస్తే 240 వాట్-గంటలు. అంటే పావు యూనిట్టుకు ఇంకా తక్కువే. ఏడాదికి 220 పనిదినాలు వేసుకున్నా 53 యూనిట్లు దాటదు. నిండు ఎండలో 250 మెగావాట్లు పూర్తిగా నడిస్తే ఒక్క సెకనులో పుట్టే కరెంటు 69 యూనిట్లు. కన్ను మూసి తెరిచేలోపు అక్కడ తయారైన కరెంటు మా గదికి ఏడాది పొడుగునా సరిపోయి ఇంకా మిగుల్తుంది. ఆ కరెంటు పెద్ద టవర్లెక్కి మా తలల మీదుగా పోతుంది. మాకు దానం మిగులుతుంది!

ఇక్కడ పెద్దలొక మాటంటారు. 'మీ వూరికి కరెంటెప్పుడో వచ్చింది కదా?' అని. వచ్చింది. ఎట్లా వచ్చిందో వినండి. 1997 దాకా ఈ దేశంలో ఒక వూరి పొలిమేరలో ఎక్కడైనా సరే, దేనికైనా సరే కరెంటు వాడితే చాలు, ఆ వూరు విద్యుదీకరణ అయినట్టే. పెద్దరైతు బావిమీద మోటారు తిరిగితే మాదిగగేరిలో వెలుతురొచ్చినట్టు కాగితంలో రాసుకున్నారు. 1997లో దాన్ని కొంచెం మార్చి, జనం వుండే చోట వాడితేనే లెక్క అన్నారు. జనం అంటే ఎవరో మనకు తెలుసు. 2004లో గానీ దళితవాడలో కూడా లైను వుండాలి, బడికి కూడా కరెంటు వుండాలి, పదిళ్ళలో కనీసం ఒక ఇంటికి వుండాలి అనే మాట ఆ నిర్వచనంలోకి ఎక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్ళకు! అంతకుముందు 1988-89లో కుటీర్ జ్యోతి అని ఒక పథకం పెట్టి పేదల గుడిసెకు ఒక్క బల్బు ఇచ్చారు. ఒక్కటే. ఆ బల్బు కింద అమ్మ సంగటి కెలుకుతుంటే పక్కన కూర్చుని మాలో కొందరు ఎక్కాలు నేర్చుకున్నారు. అది కూడా లేనివాళ్ళు సీమనూనె బుడ్డి కింద నేర్చుకున్నారు. పొద్దున లేస్తే ముక్కుల్లో మసి.

2018 ఏప్రిల్ 28తో దేశంలో కరెంటు లేని వూరే లేదని ప్రకటించారు. మంచిది. మా బడికి కూడా మీటరుంది. బిల్లు బడి కట్టాలా పంచాయతీ కట్టాలా అన్న తగువులో వైరు తెంచేసి పోయారు. మీటరు గోడమీద వుంది, దాంట్లో బల్లి గుడ్లు పెట్టింది. కాగితంలో మాది కరెంటున్న బడి. పొద్దు గుంకినాక కరెంటు లేని బడి. విద్యాహక్కు చట్టం చూపించి అడుగుదామని 2009 చట్టం షెడ్యూలు తిరగేస్తే గది వుంది, మరుగుదొడ్డి వుంది, తాగునీళ్ళున్నాయి, వంటగది వుంది, ఆటస్థలం వుంది, చుట్టుగోడ వుంది. కరెంటు మాట మాత్రం లేదు. ఆ షెడ్యూలు రాసినవాళ్ళు పగలు మాత్రమే చదువుకున్నారేమో. లేకపోతే రాత్రి చదువుకోడానికి వాళ్ళ ఇళ్ళలో వేరే గదులుండి వుంటాయి.

మన పిల్లోళ్ళకు వేరే గది లేదు. గేరిలో ఒక్క గది ఇల్లు. అమ్మానాయనా బెంగుళూరు బేల్దారి పనికి పోయింటారు. అవ్వ, ఇద్దరు చెల్లెళ్ళు, ఒక మేకపిల్ల. పదో తరగతి పిల్ల నల్లచెరువు హైస్కూలు నుంచి నడిచి ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ పిల్లకు బడే చదువుకునే గది. జోతిబా, సావిత్రీబాయి 1855లో కూలోళ్ళకూ రైతులకూ తమ ఇంట్లోనే రాత్రిబడి పెట్టారు. పగలంతా ఒళ్ళొంచినవాళ్ళకు రాత్రి తప్ప చదువుకు పొద్దేది? రాత్రిబడి అంటే ముందు దీపం.

బాబాసాహెబును రాజ్యాంగం రాసినాయనగా మాత్రమే చూపిస్తారు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. విద్యుత్తు ఆ శాఖ కిందే వుండేది. 1943లో విద్యుత్ విధాన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. కరెంటు చౌకగా వుండాలి, పుష్కలంగా వుండాలి, లాభం చూసుకునే ప్రైవేటువాళ్ళ చేతికి దాన్ని వదలకూడదు అని వాదించాడు. ఆయన హయాంలోనే 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది. ఈ దేశపు కరెంటుకు పునాది వేసినవాళ్ళలో మా మనిషి వున్నాడు. మరి కరెంటు దగ్గర మేము చేతులు కట్టుకుని ఎందుకు నిలబడాల?

అందుకని రెండు అబద్ధాలను ముందు పక్కన పెట్టాలి. 'వైరుంది కదా, సోలార్ ఎందుకు?' అన్నది ఒకటి. వైరు ఎట్లుందో చెప్పినాం. రెండోది ఇంకా ప్రమాదం. 'సోలార్ ఇచ్చినాం కదా, ఇంక వైరెందుకు?' దూరంగా వుండే తండాల్లో, గేరుల్లో ఈ మాట మెల్లగా వస్తోంది. వూరికి వైరు, గేరికి ప్లేటు. రెండు గ్లాసుల పద్ధతి పోయిందనుకుంటే రెండు కరెంట్ల పద్ధతి వస్తుంది. సోలార్ తీసుకుంటాం, తెగిన వైరు కూడా అతికించమంటాం. ఒకటి చూపించి ఇంకొకటి మింగితే ఒప్పుకోం.

ఇంక లైటు ఎంచుకునే సంగతి. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ భాగం కాస్త ఓపికగా చదవాలి. 'ఇవన్నీ ఇంజినీర్ల సంగతులు, మనకెందుకు' అనుకునే చోటే మనల్ని ముంచుతారు.

మాకు మొదట ఇస్తామన్నవి చేతి లాంతర్లు. పిల్లోడికొకటి. చూడ్డానికి ముచ్చటగా వుంటాయి, ఫోటోకు బ్రహ్మాండంగా వుంటాయి. ఇల్లు చీకటిగా వుంటే అది పనికొచ్చే వస్తువే, కాదనం. కానీ అది తరగతి గది దీపం కాదు. దాని వెలుతురు ఒక పుస్తకానికి సరిపోతుంది, నల్లబల్లకు సరిపోదు. ఇంటికి పోతే వంటకాడికి పోతుంది, మేకల దొడ్డికి పోతుంది, నాయన చేలో నీళ్ళు కట్టను పోతే ఆయనతో పోతుంది. అది తప్పు కాదు, ఇంట్లో అవసరం అట్లాంటిది. లాంతర్లిచ్చి బడికి వెలుగిచ్చామని రాసుకోవడమే తప్పు. గదికి కావలసింది గోడకు బిగించిన దీపం, వెనక వరుసలో కూచున్న పిల్ల కూడా వాచకం చదవగలిగే దీపం. లైటు పెట్టినవాళ్ళు పోకముందే పొద్దు గుంకేదాకా ఆగమని, ఆ వెనక మూలలో పిల్లను కూచోబెట్టి చదివించి చూడండి. ఏ మీటరూ అక్కర్లేదు.

మొన్న చచ్చిపోయిన సెట్టులో ప్లేటు 40 వాట్లు, బ్యాటరీ 20 ఆంపియర్-అవర్. దానికి నాలుగు ట్యూబులు తగిలించి నాలుగు గంటలు వెలుగుతుందని చెప్పిపోయారు. లెక్క వేయండి. మన దగ్గర మంచి ఎండ రోజుకు ఐదు గంటలు వేసుకున్నా, వేడికి, దుమ్ముకు, వైర్లలో పోయేది పోగా 40 వాట్ల ప్లేటు 140 వాట్-గంటలకు మించి ఇవ్వదు. మనకు కావలసింది 240. అంటే రోజూ బ్యాటరీని అడుగంటా నాకిస్తున్నామన్నమాట. నీళ్ళు పోసి వున్నా అది రెండేళ్ళు బతికేది కాదు. మాకు కడుపుమండింది ఇక్కడే. ఈ లెక్క మా ఏడో తరగతి పిల్లోడు వేస్తాడు. వేసి చూడాలన్న గౌరవం మా బడికి ఎవరూ ఇవ్వలేదు.

ఒక గదికి 100 వాట్ల ప్లేటు వుంటే ఎండకాలంలో చాలు. వానాకాలం మబ్బు పట్టినప్పుడు కూడా నడవాలంటే 150 అడగండి. సీసం బ్యాటరీ అయితే 12 వోల్టులది 80 ఆంపియర్-అవర్ వుండాలి. దాంట్లో 960 వాట్-గంటలు పడతాయి. సగం కంటే ఎక్కువ వాడకూడదు. ఆ సగం రెండు రాత్రులకు సరిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే 50 చాలు, నీళ్ళు పోసే పని లేదు, ఎక్కువేళ్ళు వస్తుంది. కానీ లోపలి బోర్డు పోతే కదిరిలో విప్పేవాడు దొరకడు. ఐదేళ్ళు మేమే వచ్చి బాగుచేస్తామని రాతపూర్వకంగా ఇస్తేనే లిథియం తీసుకోండి. ఇవ్వకపోతే నీళ్ళు పోసే ట్యూబులర్ బ్యాటరీయే మనకు మేలు. అది మనకు అర్థమయ్యే వస్తువు, మన ట్రాక్టరు మెకానిక్కుకు కూడా అర్థమయ్యే వస్తువు.

బ్యాటరీని రేకుల కింద పెట్టనీయవద్దు. మన ఎండలకు రేకుల కింద ఐదేళ్ళ బ్యాటరీ రెండు మూడేళ్ళకే పోతుంది. గాలాడే నీడచోటు కావాలి. ట్యూబులు ఏ రకమో అడగండి. 12 వోల్టుల డీసీ ట్యూబయితే మధ్యలో ఇన్వర్టర్ అక్కర్లేదు, కరెంటు ఆదా, అది నిజమే. ఒకటి మాడిపోతే ఎక్కడ కొంటారు? నల్లచెరువు అంగట్లో దొరకదు. విడి ట్యూబులు నాలుగు ముందే ఇచ్చి పొమ్మనండి, లేదా మామూలు ఏసీ ట్యూబులు, చిన్న ఇన్వర్టర్ పెట్టమనండి. ప్లేటు దక్షిణం వైపు తిరిగి, దాదాపు 14, 15 డిగ్రీల వాలుతో వుండాలి, మన వూరి అక్షాంశం అంతే. వేపచెట్టు నీడ ప్లేటుమీద ఒక మూలన పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది. నీడ కోసం చెట్టు కొట్టేయొద్దు, ప్లేటు జరపండి. దుమ్ము వారానికొకసారి పొద్దున్నే కడగాలి, మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోయకూడదు.

డబ్బు? ప్లేటు 25 ఏళ్ళుంటుంది, బ్యాటరీ వుండదు. నాలుగైదేళ్ళకు కొత్తది కొనాలి. ఆ డబ్బు ఎవరి పద్దులో వుందని లైటు బిగించకముందే అడగాలి. దాత 'అది మీరు చూసుకోవాల' అంటాడు. చూసుకుంటాం, కూలి డబ్బుల్లోంచి కాదు. ఎస్సీ ఉపప్రణాళికకు 2013లో చట్టమొచ్చింది, 2023లో పొడిగించారు. గేరి బడికి దీపం ఆ చట్టం కిందికి రాకపోతే ఇంకేదొస్తుంది? 2019 నవంబర్ 14న మొదలైన నాడు-నేడు పనుల్లో లైట్లు, ఫ్యాన్లు కూడా రాశారు. రాసినవి కొన్ని బళ్ళకు అందాయి. అందని బడి జాబితాలో ఎందుకు లేదో అడిగే పని ఆ రోజు మేము చెయ్యలేదు. అది మా తప్పే.

మా తప్పులు ఇంకా వున్నాయి. అంతా పైవాళ్ళ మీదికి నెట్టేస్తే పత్రిక చదివేవాళ్ళకు సంతోషంగా వుంటుంది గానీ లైటు వెలగదు. ఆ సోలార్ బ్యాటరీకి మా కుర్రోళ్ళే సెల్లు చార్జర్లు తగిలించారు. క్రికెట్ మ్యాచ్ రోజు టీవీ పెట్టారు. మేము చూసి కూడా పిల్లోళ్ళు కదాని వూరుకున్నాం. పెద్దింటి నుంచి చెవి తెచ్చుకున్నాక అది మాలగేరిలో వుండాలా మాదిగగేరిలో వుండాలా అని పది రోజులు పంచాయితీ నడిచింది. పైవాడు మనల్ని నమ్మలేదని రోషపడినవాళ్ళం, ఒకరినొకరం నమ్మడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ పిల్లోళ్ళు చీకట్లో వున్నారు. చివరకు ఆడవాళ్ళే తేల్చారు. రెండు చెవులు చేయించి రెండు గేరుల్లో ఇద్దరు తల్లుల కొంగున కట్టారు. నీళ్ళు పోసిన తేదీ రాసే నోటుపుస్తకం పెట్టారు. ఒకామెకు చదువు రాదు, గీతలు గీస్తుంది. గీత తప్పలేదు.

రాజస్థాన్‌లో తిలోనియా అనే వూళ్ళో 1970ల నుంచి రాత్రిబళ్ళు నడిచాయి, తర్వాత వాటికి సోలార్ దీపాలు వచ్చాయి. అక్షరం రాని ఆడవాళ్ళే ఆ దీపాల సర్క్యూట్లు అతకడం, బాగుచేయడం నేర్చుకున్నారు. మన గేరిలో ఐటిఐ చదివి ఖాళీగా తిరుగుతున్న పిల్లోళ్ళున్నారు. బిగించడానికి వచ్చే కంపెనీ మనుషుల పక్కన వాళ్ళలో ఇద్దరిని, ఆ తల్లులిద్దరిని నిలబెట్టి నేర్పించాలని మా షరతు. 'మీవాళ్ళకేమి తెలుస్తుంది' అంటే సంతకం లేదు.

బడి కమిటీ తీర్మానం ఇట్లా రాసింది. గదికి 150 వాట్ల ప్లేటు, 80 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ, మామూలు ట్యూబులు నాలుగు, చిన్న ఇన్వర్టర్. ఐదేళ్ళు బాగుచేసే పూచీ కాగితం మీద. తాళంచెవులు రెండు, రెండూ గేరిలోనే. గోడమీద దాత పేరు రాసుకోవచ్చు, దాని కిందే ఎన్ని వాట్లు, ఎన్నేళ్ళ పూచీ, ఎవరికి ఫోన్ చెయ్యాల అన్నది కూడా రాయాలి. తెగిన వైరు అతికించమని వేరే అర్జీ.

దాత తరపు మనిషి ఈ తీర్మానం చదివి, 'ఇన్ని షరతులైతే పక్క మండలానికి ఇచ్చుకుంటాం' అని పోయినాడు. పోనీ. పక్క మండలంలో మనవాళ్ళు లేరా? ఈ సంచిక అక్కడికీ పోతుంది. వాళ్ళు కూడా ఇవే అడుగుతారు.

వచ్చే గ్రామసభలో తీర్మానం చదువుతాం. రసీదు బడి బీరువాలో వుంది, సంతకాల చోటు ఖాళీగానే వుంది. మెకానిక్కు పాత బ్యాటరీని కొనుక్కుపోయినాడు, ఆ డబ్బు ఆ నోటుపుస్తకంలోనే జమ రాశాం. ప్లేటు మాత్రం ఇంకా బడిమీదనే వుంది. ఆదివారం పొద్దున పిల్లోళ్ళు ఎక్కి దానిమీది దుమ్ము కడిగినారు.